ఆటోక్యాడ్ డ్రాయింగులను ఒకేసారి పీడీఎఫ్ చేసేటప్పుడు వచ్చే చిక్కులు: లక్షణం, కారణం, పరిష్కారం

ఒక మోస్తరు భవనానికి కూడా ఆర్కిటెక్చరల్, స్ట్రక్చరల్, ఎలక్ట్రికల్, ప్లంబింగ్ షీట్లన్నీ కలిపితే పెద్ద కట్టే అవుతుంది. నక్షలు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో వాటిని ఒక్కొక్కటిగా తెరిచి ప్లాట్ (ముద్రణ) ఇవ్వడం కంటే, షీట్లన్నిటినీ కలిపి ముద్రించే పబ్లిష్ కమాండ్‌తో ఒకేసారి పీడీఎఫ్ చేయడం తేలికే. అయితే విడిగా ప్లాట్ ఇచ్చినప్పుడు ప్రివ్యూలో కంటబడే తప్పు, పబ్లిష్ ఇచ్చినప్పుడు ఎవరి కంటా పడకుండా సైటు దాకా వెళ్లిపోతుంది.

ఏ చిక్కు వచ్చినా ముందుగా చేయవలసిన పరీక్ష ఒకటుంది. తప్పు వచ్చిన షీటును విడిగా తెరిచి, అదే పేజ్ సెటప్‌తో (కాగితం సైజు, స్కేలు వంటి ముద్రణ అమరికలతో) మామూలు ప్లాట్ ఇవ్వండి. అక్కడా అదే తప్పు వస్తే లోపం ఆ డ్రాయింగులోనో పేజ్ సెటప్‌లోనో ఉన్నట్టు. విడిగా బాగా వచ్చి పబ్లిష్‌లో మాత్రమే చెడితే లోపం పబ్లిష్ సెట్టింగులలో ఉన్నట్టు. ఈ తేడా తెలుసుకోకుండా పీడీఎఫ్ డ్రైవరును మార్చి చూసేవారు చాలామంది ఉన్నారు గాని, నా అనుభవంలో డ్రైవరు దోషిగా తేలిన సందర్భాలు అరుదు. ఆ తరువాత వ్యూప్లాట్‌డీటెయిల్స్ కమాండ్ ఇస్తే ఏ షీటు ఎందుకు ఆగిందో ఆటోక్యాడే వరుసగా చూపుతుంది.

పబ్లిష్ మధ్యలో ఆగిపోతోంది, లేదా అసలు ఫైలే రావడం లేదు

బ్యాక్‌గ్రౌండ్‌ప్లాట్ అనే సిస్టమ్ వేరియబుల్ (ఆటోక్యాడ్ పనితీరును నిర్ణయించే అంతర్గత అమరిక) విలువ మొదటినుంచీ 2గా ఉంటుంది. అంటే మామూలు ప్లాట్ మన కళ్ల ముందు జరుగుతుంది, పబ్లిష్ మాత్రం తెర వెనుక మరొక ఆటోక్యాడ్ ప్రాసెస్‌లో జరుగుతుంది. మెమరీ తక్కువున్న కంప్యూటరులో ఆ రెండో ప్రాసెస్ చతికిలబడినా మనకు వెంటనే తెలియదు. విలువను 0 చేస్తే రెండూ ముందుతెర మీదే జరుగుతాయి. పని పూర్తయ్యేదాకా డ్రాయింగ్ ముట్టుకోలేమన్నది నిజమే గాని, ఎక్కడ ఆగిందో కళ్లారా కనబడుతుంది.

అది కాకపోతే, పాత పీడీఎఫ్ రీడరులో తెరిచి ఉందేమో చూడండి. తెరిచి ఉన్న ఫైలు మీద అదే పేరుతో కొత్త ఫైలు రాయడం కుదరదు. సర్వరు మీద ఉన్న ఫైలయితే పక్క టేబులు మనిషి తెరిచి పెట్టుకుని ఉండవచ్చు. ప్రతిసారీ తేదీ పేరుతో కొత్త ఫోల్డరులోకి పంపే అలవాటు ఈ తగాదాను పూర్తిగా తీరుస్తుంది.

పబ్లిష్ జాబితాలో ఒక షీటు ఎదురుగా లేఅవుట్ నాట్ ఇనిషియలైజ్డ్ అని కనబడితే, ఆ లేఅవుట్‌ను (ముద్రణకు అమర్చే కాగితపు పేజీని) ఇంతవరకు ఎవరూ తెరవలేదని, దానికి కాగితం సైజే కుదరలేదని అర్థం. డ్రాయింగు తెరిచి ఆ ట్యాబు మీద ఒకసారి నొక్కి, పేజ్ సెటప్ ఇచ్చి సేవ్ చేస్తే సరిపోతుంది.

ఒకే డ్రాయింగు దగ్గర పదేపదే ఆగుతుంటే ఆ ఫైలు చెడిందని అనుమానించాలి. ఏ ఫైలో తెలియనప్పుడు జాబితాను సగానికి విడగొట్టి, ఏ సగం ఆగుతుందో చూసి దానిని మళ్లీ సగం చేస్తూ పోతే, నలభై షీట్లలో దోషిని ఐదారు ప్రయత్నాలలో పట్టుకోవచ్చు. దానిని రికవర్ కమాండ్‌తో తెరిచి, ఆడిట్ నడిపి, దోషాలు సరిచేయమని చెప్పి సేవ్ చేయాలి.

టైటిల్ బ్లాక్ అంచులు తెగిపోతున్నాయి, లేదా స్కేలు తప్పుతోంది

ఈ రెండూ ఒకే చోట పుట్టే చిక్కులు, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేవి కూడా ఇవే. మామూలు ఐఎస్ఓ ఏ1 కాగితాన్ని ఎంచుకుంటే నాలుగు వైపులా ముద్రణ పడని మార్జిన్ ఉంటుంది. టైటిల్ బ్లాక్ (షీటు అంచు గీతలు, పేరు వివరాల పెట్టె) గీత ఆ మార్జిన్‌లోకి వెళితే తెగుతుంది. తెగిందని చూసి చాలామంది ప్లాట్ స్కేలు దగ్గర ఫిట్ టు పేపర్ టిక్కు పెట్టేస్తారు. అంచులు తిరిగి వస్తాయి, కాని షీటు మొత్తం కొద్దిగా కుదించుకుపోతుంది. 1:100 అని రాసి ఉన్న ప్లాను ఇక 1:100 కాదు.

ఒకసారి నేను పంపిన షీటులో ఇలాగే జరిగింది. కొలత రాయని ఒక కిటికీ దూరాన్ని సైటు మేస్త్రీ స్కేలు బద్ద పెట్టి కొలుచుకున్నాడు. గోడ లేచాక తేడా బయటపడింది. కొలత రాయకపోవడం ఒక తప్పయితే, స్కేలు చెడగొట్టడం అంతకంటే పెద్ద తప్పు, ఆ రెండూ నావే.

సరైన పద్ధతి ఏమిటంటే, ఐఎస్ఓ ఫుల్ బ్లీడ్ ఏ1 ఎంచుకోవాలి. అప్పుడు 841 × 594 మిల్లీమీటర్ల కాగితం మొత్తం వాడుకోవచ్చు. ప్లాట్ ఏరియాను లేఅవుట్‌గా, స్కేలును 1:1గా, యూనిట్లను మిల్లీమీటర్లుగా పెట్టి, ఆ పేజ్ సెటప్‌కు ఒక పేరిచ్చి సేవ్ చేయాలి. పబ్లిష్ జాబితాలో షీట్లన్నిటినీ ఎంచుకుని పేజ్ సెటప్ గడిలో ఇంపోర్ట్ ద్వారా ఆ ఒక్కదాన్నే అన్నిటికీ తగిలించవచ్చు. టైటిల్ బ్లాక్‌లో సరిగ్గా 100 మిల్లీమీటర్ల గీత ఒకటి ఉంచితే, ప్రింటు తీసినవారు ఎవరైనా బద్దతో కొలిచి నిజం తెలుసుకోగలరు. పీడీఎఫ్ సరిగానే ఉన్నా రీడరులో ఫిట్ ఎంచుకుని ప్రింటు ఇస్తే మళ్లీ కుదించుకుపోతుంది కనుక, యాక్చువల్ సైజు ఎంచుకోమని ప్రింటు తీసేవారికి చెప్పడం అవసరం.

గీతలు రంగుల్లో వస్తున్నాయి, లేదా అన్నీ ఒకే మందంగా ఉన్నాయి

డ్రాయింగు కోరుకునే సీటీబీ ఫైలు (ఏ రంగు గీత ఏ రంగులో, ఏ మందంతో ముద్రణ కావాలో చెప్పేది) ఆ కంప్యూటరులో లేకపోతే గీతలు వాటి సొంత రంగుల్లోనే పడతాయి. బయటినుంచి వచ్చిన డ్రాయింగులలో ఇది సర్వసాధారణం. ఆప్షన్స్‌లో ప్లాట్ స్టైల్ టేబుల్ వెతికే దారిని ఆఫీసు సర్వరు ఫోల్డరుకు మళ్లిస్తే అందరూ ఒకే సీటీబీ వాడతారు. జాబితాలో సీటీబీలు అసలు కనబడక ఎస్‌టీబీలే కనబడితే, ఆ డ్రాయింగు వేరే రకపు (రంగును బట్టి కాక పేరును బట్టి పనిచేసే) ప్లాట్ స్టైళ్లతో తయారైందన్నమాట. కన్వర్ట్‌పీస్టైల్స్ కమాండ్ దానిని మారుస్తుంది.

మందాలు సరిచూసేముందు రీడరును కూడా అనుమానించండి. అక్రోబాట్ రీడరు ప్రిఫరెన్సెస్‌లో ఎన్‌హాన్స్ థిన్ లైన్స్ టిక్కు ఉంటే సన్నగీతలు తెర మీద లావుగా కనబడతాయి. ఫైలులో ఏ దోషమూ ఉండదు.

కొన్ని భాగాలు లేదా అక్షరాలు మాయమవుతున్నాయి

తెర మీద కనబడి పీడీఎఫ్‌లో రానివి ఎక్కువగా డెఫ్‌పాయింట్స్ అనే లేయరులో (డ్రాయింగులోని ఒక పొరలో) ఉంటాయి. ఆ లేయరు ఎప్పటికీ ప్రింటు కాదు. వస్తువులను వేరే లేయరుకు మార్చాలి. ఒక ప్లాను మొత్తంగా పోయి దాని స్థానంలో ఫైలు పేరు మాత్రమే కనబడితే ఎక్స్‌రెఫ్ (బయటి ఫైలునుంచి జోడించిన డ్రాయింగు) దారి తెగిందని తెలుసుకోవాలి. దారులను రిలేటివ్‌గా ఉంచి, ఇతరులకు పంపేటప్పుడు ఈట్రాన్స్‌మిట్ వాడితే అనుబంధ ఫైళ్లన్నీ వెంట వెళతాయి.

తెలుగులో గది పేర్లు, సూచనలు రాసేవారికి ఇంకొక చిక్కుంది. యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో రాసిన అక్షరాలు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో పబ్లిష్ చేస్తే అర్థంలేని ఇంగ్లిషు అక్షరాలుగా మారిపోతాయి. విండోస్‌తో వచ్చే నిర్మలా యూఐ వంటి యూనికోడ్ ట్రూటైప్ ఫాంట్లకు మారితే ఆ భయం తగ్గుతుంది. ఎస్‌హెచ్‌ఎక్స్ (ఆటోక్యాడ్ సొంత) ఫాంట్లతో రాసిన ప్రతి మాటా రీడరులో కామెంటుగా తేలుతుంటే మాత్రం పీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్ (2016 వెర్షనులో ఈపీడీఎఫ్‌ఎస్‌హెచ్‌ఎక్స్) విలువను 0 చేయండి.

ఫైలు మరీ బరువుగా ఉంది

ట్రాన్స్‌పరెన్సీ ప్లాట్ చేసే టిక్కు తీసి చూడండి, పారదర్శక హ్యాచ్‌లు (గీతలతో, రంగుతో నింపిన భాగాలు) అవసరం లేని షీట్లకు అది ఎందుకూ పనికిరాదు. ఆ తరువాత అతికించిన ఫొటోలను చిన్నవి చేయండి.

షీట్ల వరుస, పేర్లు తారుమారవుతున్నాయి

మోడల్ ట్యాబు (అసలు డ్రాయింగు గీసే చోటు) కూడా జాబితాలో చేరితే అనవసరపు పేజీలు వస్తాయి. షీట్లు చేర్చేటప్పుడే మోడల్‌ను మినహాయించాలి. వరుసను ఒకసారి సరిచేసి డీఎస్‌డీ ఫైలుగా దాచుకుంటే రివిజన్ వచ్చినప్పుడు మళ్లీ పేర్చనక్కరలేదు. అయితే ఆ తరువాత లేఅవుట్ పేరు మార్చినా, డ్రాయింగును వేరే ఫోల్డరుకు జరిపినా డీఎస్‌డీ ఆ షీటును గుర్తించలేదు. అప్పుడు ఆ ఒక్క వరుసను తీసేసి, షీటును కొత్తగా చేర్చి, డీఎస్‌డీని మళ్లీ సేవ్ చేయాలి.