పాత కారును ప్రదర్శనకు పెట్టే ముందు: ఫ్యాక్టరీ రంగు, దాని ఆధారాలు

పునరుద్ధరించిన పాత కారును ప్రదర్శనలో నిలబెట్టాలనుకునేవారు ముందుగా రంగు సంగతి తేల్చుకోవాలి. పెయింట్ ఎంత నిగనిగలాడినా, ఫ్యాక్టరీ దాటిననాడు కారు ఆ రంగులోనే ఉన్నదని యజమాని చూపలేకపోతే మార్కులు తగ్గుతాయి. కాబట్టి కారును షెడ్డుకు అప్పగించకముందే ఆధారాలు సేకరించాలి. పాత పెయింటంతా గీకించిన తరువాత వెతకడానికి రేకు మీద ఏమీ మిగలదు.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ వంటి కార్లు చేతులు మారుతూ వచ్చినప్పుడు వాటి మీద కొత్త రంగులు పడుతూ వచ్చి ఉంటాయి. అయినా పైపై పెయింట్ చేరని చోట్లు ఉండనే ఉంటాయి. డ్యాష్‌బోర్డు వెనుక రేకు, తలుపుల లోపలి అట్టల వెనుక భాగం, అద్దం చుట్టూ ఉండే రబ్బరు బీడింగు కింది అంచు, డిక్కీలో స్టెప్నీ కింది చోటు జాగ్రత్తగా చూడాలి. వీటిలో నేను ఎక్కువగా నమ్మేది డ్యాష్‌బోర్డు వెనుక భాగాన్ని, ఎందుకంటే అక్కడికి ఎండా చేరదు, పాలిషూ చేరదు. బయటి రేకు మీద రూపాయి బిళ్లంత చోటును తడిపి, 1000, 1500 నంబర్ల వాటర్ పేపరుతో నెమ్మదిగా అరగదీస్తే పాత రంగులు వలయాలుగా బయటపడతాయి. ప్రైమరుకు, అంటే రేకు మీద రంగుకు ముందు వేసే అడుగు పూతకు, ఆనుకొని ఉన్న మొదటి రంగే సాధారణంగా ఫ్యాక్టరీ రంగు. అయితే ప్రమాదంలో దెబ్బతిన్నప్పుడు మార్చిన తలుపో బానెట్టో వేరొక కారుది కావచ్చు, కనుక కనీసం మూడు వేర్వేరు భాగాల్లో అదే రంగు కనిపించే వరకు నిర్ణయానికి రాకూడదు. ప్రతి దశలోనూ పగటి వెలుతురులో ఫొటో తీసి, తేదీ రాసి ఉంచాలి.

దొరికిన పొరను రబ్బింగ్ కాంపౌండుతో మెరుగుపెట్టిన తరువాతే పెయింటు దుకాణంలో రంగు కలిపించాలి. వెలిసిన పొరను చూసి కలిపితే వెలిసిన రంగే వస్తుంది. నమూనాను చిన్న రేకు మీద కొట్టించి ఎండలోనూ నీడలోనూ పోల్చాలి. ఆనాటి సాదా రంగుల మీద నేటి క్లియర్ కోటు (రంగులేని మెరుపు పూత) దట్టంగా వేయిస్తే, ఎప్పుడూ తడిగా ఉన్నట్టు మెరిసి ఆ కాలానికి పొసగదు. డ్యూకో (త్వరగా ఆరే పాతరకం స్ప్రే పెయింట్) వేయించేవారు మన వాతావరణాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. నెల్లూరు తీరంలో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వానల తేమకు పెయింట్ తెల్లగా పాలిపోయే ప్రమాదం ఉంది. రోహిణి కార్తె ఎండల్లోనైతే పెయింట్ రేకును చేరేలోపే థిన్నరు ఆరిపోయి గరుకుదనం వస్తుంది. ఫిబ్రవరి నెల మేలు. చీమకుర్తి పరిసరాల్లో ఉన్నవారు గ్రానైటు ధూళి చొరబడని మూసిన గదిని చూసుకోవాలి.

ఇక కాగితాల విషయం. కారు రంగు రిజిస్ట్రేషన్ పత్రంలో నమోదై ఉంటుంది. తిరిగి వేయించిన అసలు రంగు దానితో సరిపోకపోతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రవాణా కార్యాలయంలో మార్పు నమోదు చేయించాలి. పాత రికార్డుల కోసం వెతికేవారు జిల్లాల చరిత్రను గుర్తుంచుకోవడం అవసరం: ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది, అంతకుముందు ఒంగోలు గుంటూరు జిల్లాలో, కందుకూరు నెల్లూరు జిల్లాలో, మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేవి. 1960ల నాటి కారు తొలి నమోదు గురించి ఆ ప్రకారమే విచారించాలి.

తొలి నమోదు జరిగి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులు లేని సొంత కార్లకు 2021 నిబంధనల కింద వింటేజ్ నమోదు చేయించుకోవచ్చు. దాని గడువు 10 ఏళ్లు; అలా నమోదైన కారును రోజువారీ పనులకు నడపకూడదు. ఇదివరకే నమోదైన కారుకు పాత నంబరునే ఉంచుకునే వీలుంది, ఉంచుకోవాలనే నేను గట్టిగా చెబుతాను. బ్రిటన్‌లో తయారై వచ్చిన మోరిస్, ఆస్టిన్ వంటి కార్లకు ఫ్యాక్టరీ రికార్డులున్న చోట బ్రిటిష్ మోటార్ మ్యూజియం ఆ రికార్డుల్లోని వివరాలతో హెరిటేజ్ సర్టిఫికెట్ ఇస్తుంది.

పొరల ఫొటోలు, నమూనా రేకు, పాత రిజిస్ట్రేషన్ పుస్తకం నకలు, పాత యజమానుల కుటుంబాల దగ్గర దొరికిన ఫొటోలు, పెయింటు బిల్లులు ఒకే ఫైలులో వరుసగా పెట్టి కారు పక్కన ఉంచాలి. నలుపు తెలుపు ఫొటో రంగును చెప్పకపోయినా, కారుకు ఒకే రంగు ఉండేదా, పైభాగానికి వేరే రంగు ఉండేదా అన్నది చూపుతుంది. ఏ భాగానికైనా ఆధారం దొరకకపోతే, ఆ రంగు ఊహించి వేయించినదని ఫైలులో స్పష్టంగా రాయాలి.