ట్యూబులు మూసుకుపోయాయంటే ముందు ఏం చేయాలి

పిల్లల కోసం చేయించుకున్న పరీక్ష రిపోర్టులో ‘ట్యూబ్ బ్లాక్’, అంటే అండం గర్భాశయంలోకి వెళ్లే గొట్టం మూసుకుపోయిందని చూడగానే టెన్షన్ పడి ఆపరేషన్‌కు ఒప్పేసుకోకండి. ఆ అడ్డు ఎక్కడుందో అడగండి. నా చికిత్సంతా ఆ ఒక్క ప్రశ్న మీదే నడిచింది.

ట్యూబులు తెరిచి ఉన్నాయో లేదో చూసే హెచ్‌ఎస్‌జీ పరీక్షను నెలసరి ఆగాక, అండం విడుదల కాకముందే చేస్తారు. గర్భాశయంలోకి డై పంపి ఎక్స్‌రే తీస్తారు. పొత్తికడుపు కాసేపు మెలిపెట్టినట్టు నొప్పి పుడుతుంది. నొప్పి మాత్ర ఎప్పుడు వేసుకోవాలో ముందే కనుక్కోండి. గర్భాశయం పక్కనే అడ్డు కనిపిస్తే, అది పరీక్ష సమయంలో కండరం బిగుసుకోవడం వల్ల కూడా కావచ్చు. నిజంగా మూసుకుపోయి ఉంటే కొందరికి సన్నని గొట్టంతో తెరవవచ్చు.

నాకు మాత్రం ట్యూబు చివర మూసుకుపోయి లోపల నీరు చేరింది. హైడ్రోసాల్పింక్స్ అంటారు. ఆ నీరు గర్భాశయంలోకి జారితే పిండం నిలవడం కష్టం. అందుకే ఐవీఎఫ్‌కు (ల్యాబులో పిండాన్ని తయారుచేసి గర్భాశయంలో పెట్టే పద్ధతికి) ముందు ట్యూబు తీసేయడమో, క్లిప్పు వేయడమో చేస్తారు. తీసేస్తారంటే బాగా ఏడ్చాను, అయినా అదే సరైన నిర్ణయం. 1978లో పుట్టిన తొలి ఐవీఎఫ్ బిడ్డ లూయీజ్ బ్రౌన్ తల్లిదీ ట్యూబుల సమస్యే.

ఏ దారి ఎంచుకున్నా ముందు మీ అండాల నిల్వ, భర్త వీర్యం పరీక్ష చేయించండి. ట్యూబు తెరిపించుకున్నాక నెలసరి తప్పితే ఆలస్యం చేయకుండా డాక్టరును కలవండి, గర్భం ట్యూబులోనే నిలిచే ప్రమాదం ఉంది. ఒకవైపు కడుపునొప్పి, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి.