జావా కొండపల్లెలో కొన్నాళ్లు ఉండదలచిన కోరాపుట్, రాయగడ తెలుగువారికి

మన కోరాపుట్, రాయగడ వైపు నుంచి ఎవరు ఏ కొండ ఊరికి వెళ్లినా, అక్కడి చల్లదనమూ నల్లని దుక్కీ చూడగానే నోటికి వచ్చే మొదటి మాట "ఇక్కడ ఎకరం ఎంత?" అన్నదే. జావా ద్వీపం నడుమ, సముద్రమట్టానికి సుమారు 2,000 మీటర్ల ఎత్తున ఉన్న దియెంగ్ పీఠభూమికి వెళ్లినా అదే అడుగుతాము. ఒడిశాలో అన్నింటికన్నా ఎత్తయిన మన దేవమాలి 1,672 మీటర్లే కాగా, అంతకన్నా పైన అక్కడ నిండు ఊళ్లున్నాయి, కొండ కొన వరకు బంగాళాదుంప చేలున్నాయి. అటువంటి ఊళ్లో నెలో రెండు నెలలో ఉండి వ్యవసాయం, బతుకుతీరు చూడదలచినవారి కోసం ఇది రాస్తున్నాను. భూమి సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే అందులో పడిన తప్పటడుగును తరువాత సరిదిద్దుకోవడం సాధ్యం కాదు.

ఇండొనేషియాలో 1960 నాటి మౌలిక భూచట్టం ప్రకారం "హక్ మిలిక్" అనే సంపూర్ణ యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే దక్కుతుంది. విదేశీయుడికి అటువంటి భూమి వారసత్వంగా వచ్చినా ఏడాదిలోగా దానిని వదులుకోవలసి ఉంటుంది. ఊళ్లోని స్నేహితుడి పేరిట కొని, చాటుగా మరో కాగితం రాయించుకుంటే సరిపోతుందని చెప్పే మధ్యవర్తులు అక్కడా తగులుతారు. ఆ చట్టంలోని 26వ సెక్షను అటువంటి లావాదేవీని చెల్లనిదిగా ప్రకటించడమే కాక, భూమి ప్రభుత్వపరమవుతుందనీ, ఇచ్చిన సొమ్ము తిరిగి అడగడానికి వీలులేదనీ స్పష్టంగా చెబుతోంది. ఇది మనకు కొత్త పాఠం కాదు. షెడ్యూల్డు ప్రాంతాల గిరిజన భూములు గిరిజనేతరులకు బదిలీ కాకుండా ఒడిశాలో ఉన్న 1956 నాటి 2వ రెగ్యులేషను గురించీ, సరిహద్దుకు అవతల ఆంధ్రలో ఉన్న 1/70 చట్టం గురించీ తెలిసిన మనవాళ్లు, గిరిజనుడైన ఇంటి పనివాడి పేరిట కొన్న భూమి చివరికి ఏమవుతుందో ఎరుగుదురు. దియెంగ్ నేలను కూడా ఆ కళ్లతోనే చూడాలి. పైగా సాగుభూమి యజమాని ఆ భూమి ఉన్న "కెచమతన్" పరిధిలోనో, దాని పక్కదానిలోనో నివసించాలనే నియమం 1961 నుంచి ఉంది కనుక, జకార్తాలో ఉండే జావా మనిషికే అక్కడ పొలం కొనడం సులువు కాదు. కెచమతన్ అంటే మన తహసీలు వంటిది.

కాబట్టి మనం చేయదగినది ఇల్లు అద్దెకు తీసుకోవడమే. దీర్ఘకాల నివాస అనుమతి ఉన్నవారికి "హక్ పకాయ్" అనే వినియోగ హక్కు దొరికే మార్గం ఉన్నా, ఒకటి రెండు నెలల మనిషికి ఆ తంటా అనవసరమని నా అభిప్రాయం. అద్దె ఒప్పందానికి ముందు యజమాని చేతిలో ఉన్నది భూకార్యాలయం ఇచ్చిన "సర్తిఫికాత్" అవునో కాదో చూడాలి. కొందరు చూపే "గిరిక్", "లెటర్ సి" వంటి పాత కాగితాలు పన్ను కట్టినట్టు చూపేవే తప్ప యాజమాన్యానికి పూర్తి రుజువులు కావు; మన దగ్గర పట్టా అడిగితే శిస్తు రసీదు చూపించడం వంటిదే అది. ఇంకొక మెలిక "తనహ్ బెంకోక్". గ్రామాధికారులకు జీతానికి బదులుగా ఊరు అనుభవించనిచ్చే నేల ఇది. ఆ అధికారి పదవి దిగితే నేల కూడా అతని చేయి దాటిపోతుంది కనుక, దానిమీద ఉన్న గదినో షెడ్డునో ఎక్కువ కాలానికి అద్దెకు తీసుకుని ముందే డబ్బు కట్టకూడదు.

ఊరివారు పొలం మాటలు చెప్పేటప్పుడు "బావు", "ఉబిన్" అనే కొలతలు వినిపిస్తాయి. ఒక బావు సుమారు ఒకటిముప్పావు ఎకరాలు. ఉబిన్ అంటే 14 చదరపు మీటర్లు, అనగా మన సెంటులో సుమారు మూడో వంతు. ఒడియావారి భాగచాస వంటి పాలు పద్ధతి అక్కడా ఉంది. పంట సగం సగం పంచుకుంటే "మరో", మూడు పాళ్లు వేస్తే "మర్తెలు" అంటారు. ఈ మాటలు తెలుసుకోవడం సంభాషణకు మాత్రమే. సందర్శకుల వీసా మీద సాగుకో వ్యాపారానికో దిగడం నేరం.

ప్రయాణం గురించి చెప్పవలసినది తక్కువే. రాయగడ నుంచి రైలులో విశాఖపట్నం చేరి, సింగపూరు లేదా కౌలాలంపూరు మీదుగా జోగ్జకర్తా వరకు విమానంలో వెళ్లి, అక్కడి నుంచి మాగెలాంగ్ మీదుగా వొనొసోబో పట్టణానికి రోడ్డు మార్గాన వెళ్లాలి. వొనొసోబో నుంచి దియెంగ్ సుమారు 26 కిలోమీటర్ల ఘాట్ దారి, చిన్న బస్సులు తిరుగుతాయి. భారతీయులకు విమానాశ్రయంలోనే 5,00,000 ఇండొనేషియా రూపియాలకు 30 రోజుల వీసా ఇస్తారు, దానిని మరొక్కసారి 30 రోజులు పొడిగించుకోవచ్చు. వానాకాలంలో కొండచరియలు విరిగి దారులు మూసుకుపోతుంటాయి కనుక మే నుంచి సెప్టెంబరు లోపల వెళ్లడం మేలు. అయితే జూలై, ఆగస్టులలో రాత్రివేళ ఉష్ణోగ్రత సున్నాకు పడిపోయి బంగాళాదుంప ఆకులమీద మంచు పేరుకుంటుంది. దానిని "ఎంబున్ ఉపస్", అనగా విషపు మంచు అంటారు. మన పొట్టంగి చలికి సరిపోయే శాలువా అక్కడ చాలదు.

ఊరిని అక్కడ "దేశ" అంటారు. చేరిన 24 గంటలలోగా ఇంటి యజమానిని వెంటబెట్టుకుని, పాస్‌పోర్టు నకలుతో వీధి పెద్ద అయిన "పాక్ ఆర్‌టీ" దగ్గర పేరు నమోదు చేయించుకోవాలి. ఎవరి గుమ్మం ముందు నిలబడినా "కులో నువున్" అని పిలిచి, లోపలి నుంచి "మొంగో" అని వినిపించాకే అడుగు పెట్టాలి. ఇచ్చినా పుచ్చుకున్నా కుడిచేయే వాడాలి, అది మనకు ఎలాగూ అలవాటే. ఊరంతా కలిసి కాలువ పూడిక తీసే రోజును "కెర్జ బక్తి" అంటారు. కార్యం, భక్తి అనే మాటలే అలా మారాయి. ఆ రోజు గంటసేపు పార పట్టుకున్న అతిథికి దొరికే ఆదరణ, కానుకలు పంచినవాడికి దొరకదు. శాకాహారులు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: చూడటానికి ఒట్టి మిరపకాయ పచ్చడిలా కనిపించే సంబల్‌లో "తెరాసి" అనే రొయ్యల ముద్ద కలుపుతారు. సంత అనేక ఊళ్లలో వారానికి కాక, లెగి, పహింగ్, పోన్, వగె, క్లివోన్ అనే అయిదు రోజుల చక్రాన్ని బట్టి జరుగుతుంది కనుక, మన కుందులి సంతలా శుక్రవారం లెక్కపెట్టుకుని వెళితే ఖాళీ మైదానమే కనిపించవచ్చు.

అక్కడి పాత శివాలయాలకు అర్జున, భీమ, ఘటోత్కచుల పేర్లున్నాయి, "శ్రీకాండి" గుడి కూడా ఉంది. జావావారి తోలుబొమ్మలాటలో శ్రీకాండి ఆడది, అర్జునుడి భార్య, విలుకత్తె. మన భారతంలోని శిఖండి కథ చెప్పి వారిని సరిదిద్దబోవడం కన్నా, కూర్చుని వారి కథ వినడమే బాగుంటుంది.

చివరిది, అన్నింటికన్నా ముఖ్యమైనది, గాలి. దియెంగ్ ఒక సజీవ అగ్నిపర్వత క్షేత్రం. 1979 ఫిబ్రవరి 20న సినిల బిలం పేలినప్పుడు, భయపడి ఊరు విడిచి పరుగెత్తినవారు దారిలోనే కార్బన్ డయాక్సైడుకు చిక్కి సుమారు 150 మంది ప్రాణాలు కోల్పోయారు. ఆ వాయువుకు రంగూ వాసనా ఉండవు. గాలికన్నా బరువైనది కనుక పల్లాలలోకి దిగి, గాలి కదలని తెల్లవారుజామున అక్కడే నిలుస్తుంది. ఊరివారు వద్దన్న అడ్డదారిన నడవకూడదు, హెచ్చరిక బోర్డు దాటి ఫోటోలకు వెళ్లకూడదు. అద్దెకు చూసిన ఇల్లు బిలాలకు దిగువన పల్లంలో ఉంటే, ఎంత చవకగా వచ్చినా, దానిని వదిలి ఎగువ వీధిలో మరొకటి అడగాలి.