తిరుపతి నుంచి తలకోన: పొద్దున పోయి చీకటి పడకముందే వచ్చేయడం ఎట్లా

తిరుపతికొచ్చి దర్శనం అయిపోయి చేతిలో ఇంకో రోజు మిగిలితే చాలామంది తలకోన జలపాతానికి పోతారు. పోవడం మంచిదే, కాకపోతే రూమ్‌లో మెల్లగా లేచి టిఫిన్ చేసి పదకొండింటికి కార్ ఎక్కి, ఒంటిగంట ఎండలో పైకి ఎక్కి, నీళ్ళ కింద ఒక గుంపులో ఇరుక్కుని నాలుగు ఫోటోలు దిగి వచ్చేసి 'ఏముందబ్బా అక్కడ' అంటారు. తలకోన బాగుందా బాగలేదా అన్నది సగం మీరు ఏ నెలలో, ఏ వారం, ఎన్నింటికి పోయారన్న దాని మీదే ఉంటుంది, కాబట్టి ముందు అదే చెప్తా.

చిత్తూరు, తిరుపతి వైపు గట్టి వానలు పడేది ఈశాన్య రుతుపవనాల టైమ్‌లో, అంటే అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. హైదరాబాద్ వాళ్ళు జులైలో వానలు చూసి ఇక్కడ కూడా జలపాతం దూకేస్తుంటుంది అనుకుని వస్తారు, అట్లా ఉండదు. ఏప్రిల్, మే నెలల్లో అయితే 270 అడుగుల కొండ మీద నుంచి సన్నటి ధార దిగుతూ ఉంటుంది అంతే, చల్లగా ఉంటుంది గానీ దానికోసం అంతదూరం పోవాలా అనిపిస్తుంది. నన్నడిగితే నవంబర్ చివర నుంచి జనవరి మధ్య దాకా బెస్ట్, నీళ్ళూ ఉంటాయి, అడవి పచ్చగా ఉంటుంది, ఎక్కేటప్పుడు చెమట కూడా తక్కువ. కాకపోతే బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని వార్తల్లో వస్తుంటే ఆ రోజుల్లో బయల్దేరొద్దు, ఉధృతి ఎక్కువైతే ఫారెస్ట్ వాళ్ళు జలపాతం దగ్గరికి పోనివ్వరు, గేటు దాకా పోయి వెనక్కి రావాల్సిందే. వాన ఆగిన తర్వాత రెండు మూడు రోజులు ఆగి పోతే నీళ్ళు ఇంకా బాగానే ఉంటాయి, దారీ తెరుస్తారు.

వారం విషయానికొస్తే ఆదివారం వద్దు. కార్తీక సోమవారాలు, శివరాత్రి అస్సలు వద్దు, మీరు పోయేది అక్కడి శివాలయంలో సిద్ధేశ్వరస్వామి కోసం అయితే అది వేరే సంగతి, ఆ రోజుల్లో కొండ కింద గుడి చుట్టూ జనమే జనం. మామూలు మంగళ, బుధవారాల్లో పోతే అడవి సౌండ్ వినపడుతుంది.

ఇక దారి. తిరుపతి నుంచి సుమారు 60 కి.మీ., కారైనా బైకైనా గంటన్నర నుంచి రెండు గంటలు పెట్టుకోండి. శ్రీనివాసమంగాపురం, రంగంపేట దాటి మదనపల్లె రోడ్డులోనే పోతే భాకరాపేట ఘాట్ వస్తుంది, ఘాట్ దాటాక భాకరాపేట, అక్కడ కుడివైపు తిరిగి నెరబైలు మీదుగా తలకోన. ఈ ఘాట్‌ని తేలిగ్గా తీసుకోవద్దు. తిరుమల ఘాట్‌లో పైకి పోయే రోడ్డు వేరు, కిందికొచ్చేది వేరు, కాబట్టి ఎదురొచ్చే బండి ఉండదు. ఇక్కడ ఒకటే రోడ్డులో లారీలు, బస్సులు ఎదురొస్తుంటాయి, 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న వాళ్ళ బస్సు రాత్రిపూట లోయలో పడింది ఈ ఘాట్‌లోనే. పగలు పోయి పగలే రండి, అంతకంటే చెప్పేదేమీ లేదు. బెంగళూరు నుంచి వచ్చేవాళ్ళకి ఈ బాధ లేదు, మదనపల్లె, పీలేరు మీదుగా వస్తే ఘాట్ ఎక్కకముందే భాకరాపేటలో తిరిగిపోవచ్చు. హైదరాబాద్ వాళ్ళయితే నారాయణాద్రి లాంటి రాత్రి రైలెక్కితే పొద్దున్నే తిరుపతిలో దింపుతుంది, స్టేషన్ దగ్గరే ఫ్రెష్ అయి టాక్సీ మాట్లాడుకోవచ్చు. ఒకే రోజు తిరుమల దర్శనం, తలకోన రెండూ పెట్టుకునేవాళ్ళు మాత్రం రెండిట్లో ఒకటి వదిలేయండి, క్యూలో ఎంతసేపు పడుతుందో తెలీకుండా ప్లాన్ వేస్తే తలకోనకి దొరికేది సాయంత్రం గంటసేపు మాత్రమే.

తిరుపతిలో ఆరు, ఆరున్నరకి బయల్దేరండి. పెట్రోల్ అక్కడే కొట్టించేయండి, మ్యాప్ ఆఫ్‌లైన్‌లో డౌన్‌లోడ్ చేసుకోండి, జేబులో కొంచెం క్యాష్ పెట్టుకోండి, అడవి లోపల సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి ఫోన్ స్కాన్ చేసి కట్టేస్తాంలే అనుకుంటే కష్టం. గేటు దగ్గర మనిషికి, బండికి టికెట్ తీసుకోవాలి. ఇది శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్ ఏరియా, ప్లాస్టిక్ కవర్లు, మందు బాటిళ్ళు తీసుకుపోతే గొడవే, గొడవ అవ్వాలి కూడా. నీళ్ళకి స్టీల్ బాటిల్ పెట్టుకోండి.

కారు పార్క్ చేసి గుడిలో దండం పెట్టుకోండి గానీ అక్కడే కూర్చుండిపోవద్దు, ముందు పైకి ఎక్కేయండి, గుడి తిరిగొచ్చాక తీరిగ్గా చూసుకోవచ్చు. పొద్దున ఎక్కేవాళ్ళకి దారిలో మనుషులు తక్కువ, జంతువులు, పక్షులు కనిపించే ఛాన్స్ ఎక్కువ. మెల్లగా నడిస్తే అరగంట, ముప్పావుగంటలో జలపాతం దగ్గరికి చేరతారు, కొంత రోడ్డు, కొంత మెట్లు, కొంత రాళ్ళు. ఈ నడకే నాకు తలకోనలో అసలు భాగం. రెండువైపులా కొండ గోడలా లేస్తుంటుంది, మధ్యలో చెట్లు ఎండ కిందికి దిగనివ్వవు, వాగు ఎక్కడో పక్కన మోగుతుంటుంది గానీ కనపడదు. పెద్ద పెద్ద గిల్లతీగలు ఒక చెట్టు మీద నుంచి ఇంకో చెట్టు మీదికి మెలికలు తిరిగి పాకి ఉంటాయి, మనిషి నడుమంత లావు ఉండేవి కూడా ఉన్నాయి. పైకి చూస్తూ నడిస్తే బెట్టుడుత కనిపించొచ్చు, మామూలు ఉడుత కాదు, తోకే మూరెడు ఉంటుంది. పెద్ద కళ్ళుండే చిన్న జంతువు దేవాంగపిల్లి (స్లెండర్ లోరిస్) కూడా ఈ అడవిలో ఉంది గానీ అది రాత్రి తిరిగేది, పగలు పోయే మనకి కనిపిస్తుందని ఆశ పెట్టుకోవద్దు. బంగారు బల్లి సంగతీ అంతే.

దారి వదిలి లోపలికి మాత్రం పోవద్దు, ఇది పాములు, ఎలుగుబంట్ల గురించి మాత్రమే చెప్పట్లేదు. శేషాచలం అంటే ఎర్రచందనం, స్మగ్లర్ల కోసం టాస్క్‌ఫోర్స్ వాళ్ళు కూంబింగ్ చేసే అడవి ఇది, ఊరికే రీల్ కోసం లోపలికి పోయామని వాళ్ళకి చెప్తే నవ్వి వదిలేస్తారనుకోవద్దు.

జలపాతం దగ్గరికొస్తే ముందు ఒక పక్కన కూర్చుని పది నిమిషాలు చూడండి, నీళ్ళు ఎటు పడుతున్నాయి, జనం ఎక్కడ నిలబడుతున్నారు, ఎక్కడ జారుతున్నారు అని. రాళ్ళ మీద పాచి ఉంటుంది, నూనె పూసినట్టు జారుతాయి. మామూలు చెప్పులు, స్పోర్ట్స్ షూస్ రెండూ పనికిరావు, వెనక పట్టీ ఉండే రబ్బరు శాండిల్స్ వేసుకోండి. జలపాతం కింద నీళ్ళ గుంట పైనుంచి చూస్తే లోతుగా, నున్నగా కనిపిస్తుంది గానీ కింద బండలు ఎట్లా ఉన్నాయో తెలీదు. 2023లో ఒక కుర్రాడు పైనుంచి దూకి, తల రాళ్ళ మధ్య ఇరుక్కుని చనిపోయాడు. కాబట్టి దూకడం అన్న మాటే వద్దు, ఈత వచ్చినా వద్దు. సిబ్బంది దిగొద్దు అంటే దిగొద్దు, దిగనిస్తే మోకాళ్ళ లోతులో నిలబడి తల తడుపుకుంటే చాలదా. ఇంకోటి, కొండ పైన వాన పడితే మీ దగ్గర ఎండ ఉన్నా నీళ్ళు ఒక్కసారిగా పెరుగుతాయి. నీళ్ళు ఎర్రగా మారినా, ఆకులు, పుల్లలు ఎక్కువగా కొట్టుకొస్తున్నా ఫోటో మధ్యలో ఆపేసి పిల్లల్ని పట్టుకుని గట్టు మీదికి వచ్చేయండి.

జీన్స్ వేసుకుని రావొద్దు, తడిస్తే ఇంటికొచ్చేదాకా ఆరదు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే చోటు గురించి పైకెక్కకముందే కింద అడిగి పెట్టుకోండి. అమ్మమ్మలు, తాతయ్యలు ఉంటే, మోకాళ్ళ నొప్పులుంటే పైదాకా లాక్కుపోవద్దు, గుడి దగ్గర నీడలో కూర్చుంటే వాళ్ళకి అదే హాయి, ఇద్దరు వాళ్ళ దగ్గర ఉండి మార్చి మార్చి పైకి పోతే సరిపోతుంది.

తిండికి నా సలహా పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడమే. అక్కడ చిన్న హోటళ్ళు ఉంటాయి గానీ జనం లేని రోజు ఏది తెరిచి ఉంటుందో చెప్పలేం. కోతులతో జాగ్రత్త, బ్యాగ్‌లో ఉన్న డబ్బా కంటే చేతిలో ఉన్న కవర్ అంటేనే వాటికి ఇష్టం. వాటికి మీరు పెట్టొద్దు, పెట్టేవాళ్ళని చూసినా ఒక మాట చెప్పండి, ఆ అలవాటు వల్లే అవి మీద పడుతున్నాయి.

కిందికి దిగాక టైమ్ ఉంటే చెట్ల మధ్య కట్టిన తాళ్ళ వంతెన ఉంది, భూమికి 35, 40 అడుగుల ఎత్తులో నడవడం పిల్లలకి భలే నచ్చుతుంది, తెరిచారో లేదో పొద్దున టికెట్ దగ్గరే అడిగేయండి. మూడు గంటలకల్లా బండి ఎక్కితే వెలుతురులో ఘాట్ దాటేస్తారు, ఓపికుంటే చంద్రగిరి కోటలో రాజమహల్ చూడొచ్చు, అందులోని మ్యూజియం శుక్రవారం మూసేస్తారు కాబట్టి ఆ రోజు పోతే నిరాశే.

సొంత బండి లేనివాళ్ళు ఆర్టీసీలో పోవచ్చు, కాకపోతే తిరుపతి నుంచి నేరుగా తలకోనకి పోయే బస్సులు తక్కువ. అది దొరక్కపోతే పీలేరు, మదనపల్లె బస్సెక్కి భాకరాపేటలో దిగి ఆటో మాట్లాడుకోండి, పోను రాను, మధ్యలో వెయిటింగ్ అన్నీ కలిపి రేటు ముందే తేల్చుకోండి. నేరు బస్సులో పోతే దిగేటప్పుడే కండక్టర్‌ని సాయంత్రం ఆఖరి బస్సు ఎన్నింటికి, ఎక్కడ ఆగుతుందని అడిగి, అరగంట ముందే అక్కడికి వచ్చి నిలబడండి.