లేయర్ 2లో ఫీజు పైసలే, చేయి కాలేది వంతెన దగ్గర

కావలిలో మావాడొకడు రొయ్యల గుంటలు చూసుకుంటూ, ఖాళీ దొరికితే బయటిదేశం వాళ్లకి డిజైన్ పనులు చేస్తుంటాడు, డబ్బు యూఎస్‌డీసీలో (డాలర్‌తో సమానంగా నడిచే క్రిప్టో నాణెం) వస్తుంది. మొన్న ఫోన్ చేసి "ఏందన్నా, ఆర్బిట్రమ్‌లో ఫీజు పైసలేనన్నావు, నాకింత కోసేసింది" అని ఒకటే గోల. ఆర్బిట్రమ్ అంటే ఇథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ మీద నడిచే చౌక పొర, అలాంటివాటినే లేయర్ 2 అంటారు. తీరా చూస్తే, అక్కడున్న డబ్బుని దాని సొంత బ్రిడ్జ్‌లో, అంటే రెండు నెట్‌వర్క్‌ల మధ్య వంతెనలో, ఇథీరియం మెయిన్‌నెట్‌కి (అసలు నెట్‌వర్క్) తెచ్చుకుని, వారం రోజులు కాచుకుని, మెయిన్‌నెట్ గ్యాస్ (లావాదేవీ ఫీజు) కట్టి క్లెయిమ్ చేసుకుని, మళ్లీ గ్యాస్ కట్టి ఎక్స్ఛేంజ్‌కి (క్రిప్టో కొని అమ్ముకునే చోటు) పంపాడు.

ఎక్స్ఛేంజ్‌లో డిపాజిట్ నొక్కి నెట్‌వర్క్ దగ్గర ఆర్బిట్రమ్ ఎంచుకుంటే సరిపోయేది. ఆ ఆప్షన్ ఉందో లేదో ముందే చూసుకోండి, ఉంటే మొదట ఐదు డాలర్లు పంపి, చేరాకే మిగతాది పంపండి.

రొయ్యలతోనే చెప్తాను. ఒక్కో గుంట సరుక్కి ఒక్కో లారీ కడితే ఏం మిగలదు, పది గుంటలది కలిపి ఒకే ఐస్ లారీలో ఎక్కిస్తే కిరాయి పంచుకుంటారు. రోలప్ (ఆర్బిట్రమ్ లాంటి లేయర్ 2) చేసేదీ అదే, వందల లావాదేవీల్ని ఒక కట్టగా ఇథీరియం మీద వేస్తుంది. 2024 మార్చి 13న డెన్‌కన్ అప్‌గ్రేడ్‌తో ఆ కట్టలకి బ్లాబ్‌లని విడిగా చౌక చోటు వచ్చింది, కిరాయి అప్పుడు బాగా పడిపోయింది. మెయిన్‌నెట్‌కి మీరొక్కరే వచ్చారంటే మాత్రం లారీ మొత్తం మీదే. అందుకే డబ్బు లేయర్ 2లోనే ఉంచుకుని, దాటాల్సొస్తే నాలుగుసార్లది ఒకేసారి దాటించండి.

గ్యాస్‌కి కాస్త ఈథర్ (ఇథీరియం సొంత నాణెం) ఎప్పుడూ ఉంచుకోవాలి, ఆర్బిట్రమ్, బేస్, ఆప్టిమిజం మూడింటికీ ఈథరే, పాలిగాన్ నెట్‌వర్క్‌కైతే దాని సొంత నాణెం పోల్. నేనొకసారి బేస్‌లో యూఎస్‌డీసీ నిండా పెట్టుకుని, పైసా ఈథర్ లేక ఒక పూటంతా దాన్ని చూస్తూ కూర్చున్నా.

స్వాప్ (ఒక టోకెన్ ఇచ్చి ఇంకోటి తీసుకోవడం) చేసేటప్పుడు గ్యాస్ కంటే స్లిప్పేజ్ (చూపించిన ధరకీ చివరికి పడిన ధరకీ తేడా) చూడండి, చిన్న టోకెన్లలో అసలు నష్టం అక్కడే. పోనీ అని దాని పరిమితిని మరీ బిగిస్తే లావాదేవీ ఫెయిలవుతుంది, ఫెయిలైనా గ్యాస్ పోతుంది. ఫీజు మిగులుతుందని అన్‌లిమిటెడ్ అప్రూవల్ (మన టోకెన్లు ఎంతైనా తీసుకోవచ్చని యాప్‌కి ఇచ్చే అనుమతి) ఇచ్చేవాళ్లున్నారు, లేయర్ 2లో ఆ పైసల కోసం వ్యాలెట్ తాళం ఎవడి చేతిలోనో పెట్టడమేంది? కావాల్సినంతకే ఇవ్వండి.

రాత్రిపూట అమెరికా వాళ్లకి పగలు, అప్పుడు రద్దీ. పొద్దున్నే టీ తాగుతూ చేసుకుంటే మెయిన్‌నెట్‌లో తేడా తెలుస్తుంది, లేయర్ 2లో మామూలు రోజుల్లో పెద్దగా ఉండదు.

ఇక అమ్మేటప్పుడు 1 శాతం టీడీఎస్ ఉండనే ఉంది, యాభై వేలకి ఐదొందలు. రిటర్న్ వేసేటప్పుడు సర్దుకోవచ్చు. క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను లెక్కలో మాత్రం కొన్న ధర తప్ప ఇంకే ఖర్చూ తీసెయ్యనివ్వరు, మావాడు వంతెన మీద పోసిన గ్యాస్ కూడా అందులోదే.