చలి దేశంలో కొత్త ఇల్లు: ముందు చెమ్మ సంగతి చూసుకోండి

విదేశంలో కొత్తగా ఇల్లు తీసుకున్నవాళ్ళు ముందుగా అడిగేది ఇంటర్నెట్ ఎవరిది పెట్టించుకోవాలని, ఆ తర్వాత సామాన్లు ఎక్కడ చవకగా దొరుకుతాయని. ఈ రెండూ ఎవర్నడిగినా చెప్తారు. బ్యాంకు అకౌంటు, సిమ్ కార్డు, బస్సు పాసు లాంటివి కూడా వారం తిరిగేసరికి వాటంతటవే తెలిసిపోతాయి. కానీ మీరు వచ్చింది చలి దేశమైతే, ఉంటున్నది తలుపులూ కిటికీలూ బిగించేసుకునే ఇల్లయితే, ఎవరూ అడగని సంగతి ఒకటుంది. అది ఇంట్లో చెమ్మ. నేను దాని గురించే ఎక్కువ చెప్తాను. మిగతావి చివర్లో గబగబా చెప్పేస్తాను.

ఈమధ్య ఒక కుర్రాడి గదికి వెళ్ళాను. వాడికి ఇదే మొదటి చలికాలం. తలుపు తియ్యగానే ముక్కిన వాసన గుప్పుమంది. హీటరు మీద రెండు జీన్సు ప్యాంట్లు ఆరేసి ఉన్నాయి. కిటికీ అద్దం మీద నుంచి నీళ్ళు కారి, కింది చెక్క మీద మడుగు కట్టాయి. పరుపు నేలమీదే, బయటి గోడకి ఆనించి వేసుకున్నాడు. "రాత్రిళ్ళు ఒకటే దగ్గన్నా, ఇక్కడి వాతావరణం పడలేదనుకుంటా" అన్నాడు. నేను పరుపు మూల పట్టుకుని పైకెత్తాను. అడుగంతా నల్లటి చుక్కలు, మధ్యమధ్యలో పచ్చటి మచ్చలు, సరిగ్గా నడుము ఆనే చోట మరీ దట్టంగా. రోజూ దాని మీదే పడుకుంటున్నాడు. వాడిని ఏమనగలను? చలేస్తే కిటికీ మూసుకోవడం ఎవరైనా చేసే పనే. మూసిన ఇంట్లో ఏం జరుగుతుందో వాడికి చెప్పినవాళ్ళు లేరు.

ఏం జరుగుతుందో చెప్తాను వినండి. గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టుకోగలదు. 20 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరుకి సుమారు 17 గ్రాముల దాకా ఆవిరిని మోయగలదు. 10 డిగ్రీలకి దిగితే 9 గ్రాములే, సున్నా దగ్గర 5 కూడా కాదు. మీ గదిలో 20 డిగ్రీలుండి, తేమ 60 శాతం, అంటే ఆ గాలి మోయగలిగిన ఆవిరిలో 60 శాతం ఉందనుకోండి. ఆ గాలి 12 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న దేన్ని తాకినా, మోయలేని నీటిని అక్కడే వదిలేస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే. ఇంట్లో అంత చల్లగా ఉండేవేమిటి? కిటికీ అద్దం, బయటి గోడల మూలలు, బీరువా వెనక గోడ, నేలకి అంటుకుపోయిన పరుపు అడుగు. అద్దం మీది నీళ్ళు కనిపిస్తాయి కాబట్టి తుడుస్తాం. బీరువా వెనక పట్టిన చెమ్మ మాత్రం బూజుగా మారి, బట్టలకి వాసన ఎక్కేదాకా తెలియదు.

అంత ఆవిరి ఎక్కణ్ణుంచి వస్తుందని అడుగుతారు. మన నుంచే. ఊపిరి, స్నానం, వంట, అన్నిటికన్నా ముఖ్యంగా లోపల ఆరేసే బట్టలు. మెషీన్లోంచి తీసిన ఒక లోడు బట్టలు ఆరాయంటే లీటరుకి పైగా నీళ్ళు ఆ గది గాలిలో కలిశాయన్నమాట. కిటికీలు మూసి ఉంటే ఆ లీటరు ఎక్కడికి పోతుంది? గోడలోకి, పరుపులోకి, మీ సూట్‌కేసులో దాచిన సర్టిఫికెట్లలోకి.

కాబట్టి కిటికీలు తెరవాలి. ఇక్కడే అందరూ నాతో వాదనకి దిగుతారు. "బయట వాన పడుతోంది, గాలంతా తడిగా ఉంది, తెరిస్తే ఇంకా చెమ్మ రాదా?" రాదు. బయట సున్నా డిగ్రీలుంటే, వాన పడుతున్నా సరే, ఆ గాలిలో ఉండేది 5 గ్రాముల లోపే. అది లోపలికొచ్చి 20 డిగ్రీలకి వేడెక్కాక దాని తేమ 30 శాతం లోపుకి దిగుతుంది. అంటే మీకు పొడిగాలి ఊరికే దొరుకుతోందన్నమాట. పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి, కిటికీలు బార్లా తెరిచి 5 నుంచి 10 నిమిషాలు వదిలెయ్యండి. ఎదురెదురు కిటికీలైతే ఇంకా మంచిది. అంతసేపట్లో గాలి మారుతుంది గానీ గోడలు చల్లబడవు, మళ్ళీ మూశాక గది త్వరగానే వెచ్చబడుతుంది. కొంతమంది రోజంతా కిటికీ ఓరగా తెరిచి ఉంచుతారు. దానివల్ల గోడ చల్లబడుతుంది, హీటరు బిల్లు పెరుగుతుంది, ఆ చల్లటి గోడకే మళ్ళీ చెమ్మ పడుతుంది. దయచేసి అలా చెయ్యకండి.

మీరున్నది ఉక్కపోత దేశంలో, ఏసీ గదిలోనైతే ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ తేమ బయటి గాలిలోనే ఎక్కువ. ఏసీ నడుస్తుండగా కిటికీ తెరిస్తే చల్లబడ్డ గోడలకి తడి పడుతుంది. అక్కడ మూసి ఉంచడమే సరైన పని. ఏసీ నీళ్ళు పోయే గొట్టం పూడుకుపోకుండా చూసుకుంటే చాలావరకు గొడవ తప్పుతుంది.

బజారులో తేమ కొలిచే చిన్న డిజిటల్ మీటరు దొరుకుతుంది. పెద్ద ఖరీదేం కాదు, అన్నిటికన్నా ముందు అది కొనండి. పడకగదిలో, కిటికీకీ హీటరుకీ దూరంగా పెట్టండి. 40 నుంచి 50 మధ్య ఉంటే బాగున్నట్టు. 60 దాటి రోజుల తరబడి ఉంటే ఎక్కడో బూజు మొదలవుతున్నట్టే లెక్క. అనుమానాలూ టెన్షనూ అక్కర్లేదు, అంకె చూసి కిటికీ తెరవడమే.

పరుపు నేలమీద వద్దు. మంచం కొనేదాకా కింద చెక్క పలకల చట్రమైనా వేసుకోండి, గాలి ఆడాలి. బీరువాని బయటి గోడకి బెత్తెడు దూరం జరపండి. స్నానం చేసేటప్పుడు తలుపు మూసుకుని, గాలిని బయటికి లాగే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి, అయ్యాక ఇంకో 15, 20 నిమిషాలు ఆడనివ్వండి. ఫ్యాన్ చప్పుడు చేసినంత మాత్రాన పనిచేస్తున్నట్టు కాదు. ఒక టిష్యూ కాగితం దాని జాలీకి ఆనించి వదలండి. అతుక్కుని నిలబడితే గాలి లాగుతోంది, జారి పడిపోతే లాగడం లేదు. బట్టలు పడకగదిలో ఆరెయ్యకండి. చోటు లేదంటే బాత్‌రూంలో తలుపు మూసి, ఫ్యాన్ వేసి ఆరెయ్యండి. పొదుపని ఒక గదికి హీటరు పూర్తిగా కట్టేసి, తలుపు తెరిచి పెట్టకండి. వెచ్చటి గదుల్లోని ఆవిరంతా ఆ చల్లటి గదిలో చేరి నీరవుతుంది. పొద్దున కిటికీ అద్దం మీద నీళ్ళుంటే గుడ్డతో తుడిచి, సింకులో పిండండి. ఆ గుడ్డ తీసుకెళ్ళి మళ్ళీ హీటరు మీద ఆరేస్తే ఆ నీళ్ళే గదిలోకి తిరిగొస్తాయి.

బూజు ఇప్పటికే పట్టిందా? చదరపు మీటరు లోపు మచ్చయితే మీరే శుభ్రం చేసుకోవచ్చు. గ్లోవ్స్, మాస్కు వేసుకుని, కిటికీ తెరిచి, సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. పొడి బ్రష్షుతో గీకకండి, ఆ పొడి ఇల్లంతా ఎగురుతుంది. బ్లీచ్ వాడేవాళ్ళకి ఒక గట్టి మాట: దాన్ని వెనిగర్‌తో గానీ, అమ్మోనియా ఉన్న క్లీనర్‌తో గానీ, టాయిలెట్లు కడిగే యాసిడ్‌తో గానీ ఎప్పుడూ కలపకండి. విషవాయువు పుడుతుంది. బూజు మీద రంగు కొట్టించినా లాభం లేదు, కొన్నాళ్ళకి మళ్ళీ బయటపడుతుంది. పరుపు లోపలిదాకా పట్టిందంటే దాని మీద ఆశ వదులుకోండి.

కానీ ప్రతి తడీ మీ ఊపిరి వల్ల వచ్చింది కాదు. ఈ తేడా తెలియకే కొత్తవాళ్ళు నష్టపోతున్నారు. మూలల్లో, కిటికీల చుట్టూ, బీరువా వెనక ఉంటే చాలావరకు ఆవిరి వల్లే. సీలింగు మధ్యలో గోధుమరంగు అంచుతో మచ్చ ఉండి, వాన పడినప్పుడల్లా పెరుగుతుంటే అది పైకప్పు లీకు. పై అంతస్తులో స్నానం చేసినప్పుడు పెరిగితే గొట్టం లీకు. అది ఇంటి ఓనరు బాగుచేయించాల్సిన పని, వెంటనే చెప్పండి. తడిసిన గోడలో ఒకటి రెండు రోజుల్లోనే బూజు మొదలవుతుంది.

చెప్పడమంటే రాసి చెప్పడం. నా మొదటి చలికాలం ఇంట్లో బాత్‌రూం ఫ్యాన్ నేను చేరిన రోజు నుంచే ఆడలేదు. ఓనరుకి ఫోన్ చేసిన ప్రతిసారీ "మనిషిని పంపిస్తా" అనేవాడు. ఎవరూ రాలేదు. గోడ నల్లబడింది, చెప్పుల స్టాండులో తోలు బూట్లకి పచ్చగా బూజు పట్టింది. పరాయి దేశంలో, మాట సరిగ్గా అర్థంకాని చోట, ఆ గోడని చూస్తూ గడిపిన నెలలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఖాళీ చేసేటప్పుడు అదే మనిషి "నాకెప్పుడూ చెప్పలేదే" అని డిపాజిట్‌లో పెద్ద ముక్క కోసుకున్నాడు. ఫోన్లో చెప్పిన మాటకి రుజువేముంది?

అందుకే తాళాలు చేతికి వచ్చిన రోజే, సామాన్లు పెట్టకముందే, ప్రతి గది వీడియో తియ్యండి. మూలలు, సీలింగు, సింకు కింద, కిటికీ చట్రాలు, బాత్‌రూం టైల్స్ మధ్య సందులు. ఉన్న లోపాలన్నీ ఫోటోలతో సహా ఈమెయిల్‌లో ఓనరుకి పంపండి. ఆ తర్వాత ఏం పాడైనా అంతే: ఫోన్ చేసినా సరే, "ఇవాళ మాట్లాడుకున్నట్టుగా" అని రెండు ముక్కలు మెయిల్ పెట్టండి. మొహమాటపడకండి. అక్కడివాళ్ళు దీన్ని తప్పుగా తీసుకోరు, పద్ధతి తెలిసిన మనిషి అనుకుంటారు.

చలిగాలి వస్తోందని గోడకున్న గాలి జాలీలో గుడ్డలు కుక్కేవాళ్ళని చూశాను. ఈ పని చెయ్యనే చెయ్యకండి! ఇంట్లో గ్యాస్ హీటరో, బాయిలరో ఉంటే ఆ జాలీ మీ ప్రాణానికి సంబంధించినది. గాలి సరిగ్గా అందకుండా గ్యాస్ మండితే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, తల తిరగడం, వికారం మొదలై, బయటికెళ్తే తగ్గిపోతుంటే అనుమానించండి, ఇంట్లోవాళ్ళందర్నీ తీసుకుని బయటికొచ్చేసి అక్కడి ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చెయ్యండి. ఈ వాయువుని పసిగట్టి మోగే అలారం ఇంట్లో లేకపోతే కొనుక్కోండి. బొగ్గుల కుంపటి గదిలో వెలిగించవద్దు. పొగ అలారం మధ్యమధ్యలో కీచుమంటుంటే బ్యాటరీ మార్చాలి, ఊడదీసి సొరుగులో పడెయ్యకూడదు. సాధారణంగా 10 ఏళ్ళకి అలారం మొత్తాన్నే మార్చెయ్యాలి.

ఇక మిగతావి. నీళ్ళ మెయిన్ వాల్వ్ ఎక్కడుందో, కరెంటు బ్రేకర్ల పెట్టె ఎక్కడుందో మొదటి వారంలోనే వెతికి పెట్టుకోండి. వాల్వ్ ఒకసారి తిప్పి కూడా చూడండి, కొన్ని ఏళ్ళ తరబడి కదలక బిగుసుకుపోయి ఉంటాయి. చాలా దేశాల్లో బాత్‌రూం నేలకి నీళ్ళు పోయే దారి ఉండదు. షవర్ బయట ఒలికిన నీళ్ళు నేరుగా కింది ఇంటివాళ్ళ సీలింగులోకి దిగుతాయి, బిల్లు మీ చేతికొస్తుంది. వాడని సింకులోంచి మురుగు వాసన వస్తే కంగారుపడి ప్లంబర్ని పిలవకండి. దాని కింది వంపు గొట్టంలో నిలిచే నీళ్ళే మురుగు గాలిని ఆపుతాయి, అవి ఎండిపోయి ఉంటాయి, ఒక మగ్గు నీళ్ళు పోస్తే సరిపోతుంది. నూనె మాత్రం సింకులో పొయ్యకండి.

ప్లగ్గు అడాప్టరు పిన్నుల ఆకారాన్ని మారుస్తుంది గానీ ఓల్టేజీని మార్చదు. అమెరికా, కెనడాల్లో 120 ఓల్టులు, జపాన్‌లో 100, యూరప్‌లో 230. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని ఉంటుంది, వాటితో ఇబ్బంది లేదు. 230కి తయారైన హీటరు లాంటి సామాను 120 మీద పెడితే పావు వంతు వేడే ఇస్తుంది. 120ది తీసుకెళ్ళి 230 మీద పెడితే నాలుగింతలకి దగ్గరగా కరెంటు పవర్ లాగి మాడిపోతుంది.

చలికాలంలో ఊరెళ్తుంటే హీటరు పూర్తిగా ఆపెయ్యకుండా తక్కువలో పెట్టి వెళ్ళండి. నీళ్ళు గడ్డకట్టేటప్పుడు 9 శాతం దాకా వ్యాకోచిస్తాయి, గొట్టం పగులుతుంది. మెయిన్ వాల్వ్ కట్టేసి వెళ్తే పగిలినా ఇల్లు మునగదు.

ఇదంతా చదివి బెంగపెట్టుకున్నారేమో. సరే, ఇది కూడా చెప్తాను. ఆ కుర్రాడి గోడ ఒక్క ఆదివారంలో శుభ్రమైపోయింది. పరుపు పోయింది గానీ గది బాగుపడింది. మంచం వచ్చింది, కిటికీ తెరవడం అలవాటైంది, 70ల్లో ఉండే మీటరు ఇప్పుడు 50 దగ్గర ఆడుతోంది. దగ్గుకి డాక్టరు దగ్గరికి కూడా పంపించాను, మీరూ ఆలస్యం చెయ్యకండి. గోడలు మనమనుకున్నంత సున్నితమైనవేం కావు, ఆరనిస్తే ఆరతాయి. మొదటి చలికాలమే కష్టం. రెండో ఏడాదికి ఇవేవీ గుర్తుపెట్టుకోవాల్సిన పనే ఉండదు, పొద్దున లేవగానే చెయ్యి దానంతటదే కిటికీ మీదికి పోతుంది.

ముందు ఆ మీటరు తెచ్చుకోండి. పడుకునే ముందు ఒకసారి, లేవగానే ఒకసారి అంకె చూడండి. రెండు వారాలు బాగా గాలి మార్చినా, బట్టలు బయటో బాత్‌రూంలోనో ఆరేసినా 60 కిందికి దిగకపోతే, ఆ అంకెలు ఫోటో తీసి ఓనరుకి మెయిల్ పెట్టండి.