స్వనిధి అప్పు: చిన్న సంపాదనతో కిస్తీలు తప్పకుండా కట్టడం ఎలా?

లాక్‌డౌన్‌లో గిరాకీ పోయి పెట్టుబడి కూడా తిండికే ఖర్చయిపోయిన వీధి వ్యాపారుల కోసం కేంద్రం 2020 జూన్‌లో పీఎం స్వనిధి అప్పు పథకం తెచ్చింది. పూచీకత్తు అక్కర్లేదు. మొదటి విడత 10,000, అది తీరిస్తే 20,000, ఆ తర్వాత 50,000. 2025 ఆగస్టులో మొదటి రెండు విడతలను 15,000, 25,000కు పెంచి, పథకాన్ని 2030 మార్చి 31 దాకా పొడిగించారు. అప్పు చిన్నదే. అయినా మోండా మార్కెట్‌లో కూరగాయలమ్మే అమ్మకో, కోఠిలో బట్టలు పరిచే అన్నకో రాబడి రోజుకింత వస్తుంది, కిస్తీ మాత్రం నెలకోసారి ఒక్కసారిగా పడుతుంది. చాలామందికి కిస్తీ తప్పేది అక్కడే.

ఒక మాట ముందే చెప్పాలి. ‘సర్కారు లోన్ కదా, ఎప్పటికైనా మాఫీ అవుతుంది’ అనే మాట బస్తీల్లో వినబడుతుంటే నమ్మకండి. ఈ అప్పుకు ప్రభుత్వ గ్యారంటీ ఉన్న మాట నిజమే, కానీ అది బ్యాంకు నష్టాన్ని పూడ్చడానికి. మీ బాకీ మీ పేరునే ఉంటుంది, అందరి అప్పుల చరిత్ర నమోదయ్యే సిబిల్‌లో కూడా కనబడుతుంది.

మొదటి పని: కాగితాలు చూడండి

శాంక్షన్ లెటర్ (బ్యాంకు ఇచ్చిన అప్పు మంజూరు కాగితం) తీసి నాలుగు సంగతులు ఒక చీటీ మీద రాసుకోండి: లోన్ అకౌంట్ నంబరు, వడ్డీ రేటు, కిస్తీ తేదీ, కిస్తీ ఏ సేవింగ్స్ ఖాతా నుంచి కట్ అవుతుందో. లెటర్ పోతే బ్రాంచిలో లోన్ స్టేట్‌మెంట్ అడగండి. ఈ నాలుగో సంగతే ఎక్కువమందిని ముంచుతుంది. బండి మీద అంటించిన క్యూఆర్ కోడ్ డబ్బు ఒక బ్యాంకులో పడుతుంది, కిస్తీ ఇంకో బ్యాంకు ఖాతా నుంచి కట్ కావాలి. అక్కడ డబ్బు ఉండి కూడా ఇక్కడ కిస్తీ బౌన్స్ అవుతుంది, చార్జీ పడుతుంది, దాని మీద జీఎస్టీ కూడా. వీలైతే క్యూఆర్‌ను లోన్ ఉన్న ఖాతాకే మార్పించుకోండి. కుదరకపోతే కిస్తీ తేదీకి మూడు రోజుల ముందే డబ్బు అందులో వేయండి. రెండో, నాలుగో శనివారాలు, ఆదివారాలు బ్యాంకులు ఉండవని లెక్కలో పెట్టుకోండి.

రెండో పని: కిస్తీని రోజుల్లోకి విరగ్గొట్టండి

వడ్డీ ఏడాదికి 12 శాతం అనుకుంటే 15,000కు 12 నెలల కిస్తీ దాదాపు 1,333 రూపాయలు. 25,000కు 18 నెలలైతే 1,525. 50,000కు 36 నెలలైతే 1,661. మీ బ్యాంకు రేటు ఎక్కువైతే కిస్తీ కొంత పెరుగుతుంది.

నెలకు 26 రోజులు బండి పెడతారు కాబట్టి 1,333ను 26తో భాగిస్తే రోజుకు 52 చాలనిపిస్తుంది. అలా లెక్కేయకండి. వానలు, జ్వరాలు, ట్రాఫిక్ వాళ్లు బండి తీయించే రోజులు పోను 20 రోజులే వ్యాపారం అనుకోండి. అప్పుడు రోజుకు 67. నిజంగా 26 రోజులు నడిచిన నెలలో 400 రూపాయలు మిగులుతాయి. మూడున్నర నెలలకు ఒక పూర్తి కిస్తీ ముందే చేతిలో ఉంటుంది. జూలై నుంచి సెప్టెంబరు దాకా వానల్లో మిమ్మల్ని ఆదుకునేది ఆ ఒక్క కిస్తీయే.

ఈ 67ను రాత్రి గల్లా లెక్కచూసి మిగిలినదాంట్లోంచి తీస్తే ఎప్పటికీ మిగలదు. బోణీ అయ్యాక వచ్చే మొదటి డబ్బులోంచే తీసి వేరుగా పెట్టండి. సరుకు డబ్బుతో కలిపితే తెల్లారి బోయిన్‌పల్లి మార్కెట్‌లో టమాటా బాక్సు కొనడానికి అదే పోతుంది. రంజాన్, బోనాలు, బతుకమ్మ, దసరా రోజుల్లో గిరాకీ బాగుంటే రెట్టింపు తీయండి. ముందుగా తీర్చేస్తే జరిమానా లేదు.

వడ్డీ రాయితీ పోగొట్టుకోకండి

కిస్తీలు సరిగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ (అంటే 12 శాతం వడ్డీలో 7 శాతం) మూడు నెలలకోసారి మీ ఖాతాలో పడుతుంది. 15,000 అప్పుకు పై లెక్కన ఏడాది వడ్డీ 990 చిల్లర, అందులో దాదాపు 580 తిరిగి వస్తుంది. ఖాతా మొండి బాకీ కాకుండా ఉన్న నెలలకే ఇది వర్తిస్తుంది. పాస్‌బుక్ మూడు నెలలకోసారి ప్రింట్ వేయించి చూసుకోండి. పడకపోతే బ్రాంచిలో అడగండి, ఆ తర్వాత మీ సర్కిల్ మున్సిపల్ ఆఫీసులోని యూసీడీ (అర్బన్ కమ్యూనిటీ డెవలప్‌మెంట్) విభాగానికి వెళ్లండి. డిజిటల్ చెల్లింపులకు 1,600 దాకా క్యాష్‌బ్యాక్ కూడా ఉంది. అందుకే హోల్‌సేల్‌లో సరుకుకు కూడా యూపీఐతో కట్టడం మేలు.

కిస్తీ తప్పేలా ఉంటే

90 రోజులు గుర్తుంచుకోండి. బాకీ అంతకు మించితే బ్యాంకు దాన్ని మొండి బాకీగా రాస్తుంది. రాయితీ ఆగుతుంది, తర్వాతి విడత దొరకడం కష్టమవుతుంది. కాబట్టి మొదటి కిస్తీ తప్పబోతున్నప్పుడే బ్రాంచికి వెళ్లి, కారణం, ఎంత కట్టగలరో, ఎప్పటికల్లా కట్టగలరో రాసి ఇవ్వండి. రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. గడువు పెంచడం బ్యాంకు ఇష్టం, కానీ నోటితో చెప్పింది రికార్డులో నిలవదు. 500 ఉంటే 500 కట్టండి. కౌంటర్‌లో కట్టేటప్పుడు రసీదు మీద లోన్ అకౌంట్ నంబరే ఉందో లేదో చూడండి, సేవింగ్స్‌లో పడితే ఆ డబ్బు వేరే దేనికో కట్ కావచ్చు.

కిస్తీ కోసం గిరిగిరి అప్పు మాత్రం తేవద్దు. 9,000 చేతికిచ్చి రోజుకు 100 చొప్పున నూరు రోజులు వసూలు చేస్తే, ఏడాది లెక్కన వడ్డీ 75 శాతం పైమాటే. 12 శాతం అప్పు తీర్చడానికి అది తెచ్చుకోవడం కుటుంబాన్ని గుంతలోకి దించడమే. ఫోన్‌లో వచ్చే లోన్ యాప్‌లూ అంతే.

వసూలు ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ నిబంధన. బెదిరిస్తే, బంధువులకు ఫోన్లు చేస్తే తేదీ, సమయం రాసుకుని బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కు (బ్యాంకుల మీద ఫిర్యాదులు విచారించే అధికారికి) ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. రసీదు లేకుండా ఏజెంటు చేతికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

‘సెటిల్‌మెంట్ చేసుకో, సగం కట్టు చాలు’ అంటే తొందరపడొద్దు. అలా ముగిసిన అప్పు సిబిల్‌లో ‘సెటిల్డ్’ అని కనబడుతుంది, పూర్తిగా తీర్చినట్టు కాదు. నిజంగా ఇంకే దారీ లేనప్పుడే అటు చూడండి, ఒప్పందం కాగితం మీద తీసుకున్నాకే డబ్బు కట్టండి.

చివరి కిస్తీ కట్టాక

వెంటనే బ్యాంకు నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ (బాకీ ఏమీ లేదనే కాగితం) తీసుకోండి. కొన్ని రూపాయల వడ్డీ మిగిలిపోయి ఖాతా తెరిచే ఉండడం తరచూ జరుగుతుంది. బ్యాలెన్స్ సున్నా అయిందని స్టేట్‌మెంట్‌లో చూసుకోండి. స్వనిధి పోర్టల్‌లో బ్యాంకు మీ అప్పు ముగిసిందని నమోదు చేయకపోతే తర్వాతి విడత దరఖాస్తు ముందుకు కదలదు, దాన్ని బ్రాంచిలోనే అడిగి చేయించుకోండి. నెల, రెండు నెలలాగి సిబిల్ రిపోర్టు తీయండి. ఏడాదికి ఒకటి ఉచితం. అందులో అప్పు ఇంకా నడుస్తున్నట్టు ఉంటే, నో డ్యూస్ సర్టిఫికెట్ కాపీ జతచేసి దిద్దమని బ్యాంకును, సిబిల్‌ను రెండింటినీ అడగాలి.